అంచులు కొయ్యను

ఇరవై రెండేళ్లుగా ఒకటే మాట చెప్పి బతికాను:
గడ్డం కొంచెం కిందకి, భుజాలు సమానం, కదలకండి.
తెలుగాయనకి తెలుగులో,
ఒడియా అమ్మకి "టికే రుహ",
సూరత్ బండి ఎక్కబోయే కుర్రాళ్లకి
ఏ భాషా లేకుండా, వేలితో ఇలా.
వెనక నీలం గుడ్డ.
ఆ గుడ్డ ముందు బరంపురం బరంపురమంతా
వచ్చి ఊపిరి బిగబట్టి వెళ్లింది.

రేపు గుడ్డ ఉండదు.
లెక్కల పుస్తకం చివరి పేజీలో
బాకీల కింద మిగిలిన చోట రాసుకున్నాను:
పొద్దున్న ఆరున్నర, కోర్టుపేట మలుపు,
గోపాలపురం చేపల తట్టలు దిగే వేళ.
తట్టల్లోంచి కారే నీళ్లు
రోడ్డు మీద గీసుకుంటూ పోయే గీత ఉంటుందే,
మొదటి రోజుకి అదొక్కటే.
మనుషుల దగ్గరికి అప్పుడే వెళ్లను.
భయం, నాకే.

తర్వాత పెద్దాసుపత్రి గేటు.
ఎక్స్‌రే కవరు నెత్తిన ఎండకి అడ్డం పెట్టుకుని
ఎవరో ఒకరు రోజూ రోడ్డు దాటతారు.
వాళ్ల లోపలి ఫోటో
నాకంటే ముందే ఇంకెవరో తీసేశారు.
నాకు మిగిలేది
తెగిన చెప్పు, దానికి గుచ్చిన పిన్నీసు.

బడబజారులో అప్పడాల కాళమ్మని ముందే అడిగి చూశాను.
"నన్నెందుకు బావూ,
అప్పడాలు తియ్యి, అవైతే గుండ్రంగా ఉంటాయి" అంది.

అడిగి తీస్తే అది మళ్లీ నా కొట్లో ఫోటోయే.
అడక్కుండా తీస్తే దొంగతనం.
ఈ ముక్క మూడుసార్లు రాసి
మూడుసార్లూ కొట్టేశాను.

ఇంకో చిక్కు. నడిచేవాళ్ల మాట ఫోటోలో పడదు.
ఇంట్లో తెలుగు, అంగట్లో ఒడియా,
కుక్కని తోలేటప్పుడు మాత్రం ఎందుకో హిందీ.
ఇలాంటి ఊరికి
బొమ్మ కింద పేరు ఏ లిపిలో రాయాలి?
రెండూ గుండ్రటివే.
ఉంగరంలా ఒక సున్నా చుట్టి ఊరుకుంటాను.

అసలు ఇదంతా తారిణి వల్ల.

పోయిన మాఘంలో ఎవరిదో పెళ్లి ఆల్బం
గుడ్డసంచీలో పెట్టుకొచ్చింది.
"ఇందులో మా నాన్నున్నాడు" అంది.
గుర్రం మీద పెళ్లికొడుకు, బ్యాండువాళ్లు,
దండ సరిచేస్తున్న మేనమామ.
వీళ్లలో ఎవరని అడిగాను.
ఆమె వేలు అందర్నీ దాటి అంచుకి పోయింది.
భుజాన గ్యాసులైటు మోస్తున్న మనిషి.
వేరే ఫోటో లేదట.
ఓటరు కార్డులో పక్కింటాయన ముఖం పడితే
దాంతోనే రెండుసార్లు ఓటేసి, ఆనక పోయాడట.

పెద్దది చేశాను. ఇంకా పెద్దది.
పెంచినకొద్దీ వెలుగే పెరిగింది.
ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ మోసిన లైటు
మోసినవాడి ముఖం మీదే విరగ్గాసింది.
దొరికినవి ఒక చెవి, చెమటకి అంటుకున్న బనీను మెడ,
కాడని పట్టుకున్న నాలుగు వేళ్లు.
ఐదోది ఫోటో అంచుకి తెగిపోయింది.

ఆల్బం వెనక్కి తిప్పాను.
మా కొట్టు ముద్రే.
అప్పుడు చేతిలో కత్తెర కొత్త,
అంచులు శుభ్రంగా ఉండాలని పట్టుదల.
నెగెటివ్‌లు తుఫాను ఏడు తడిసి
ఒకదానికొకటి అతుక్కుపోయాయి,
విడదీస్తే ఇద్దరూ చిరిగే అన్నదమ్ముల్లా.

తారిణి ఆ చెవికే చట్టం కట్టించుకుంది.
డబ్బులిచ్చింది.
తీసుకున్నాను కూడా.

"దారినపోయేవాళ్ల బొమ్మలు ఎవరు కొంటారు?"
ఇంట్లో నీలవేణి అడుగుతోంది.
నిజమే, ఎవరూ కొనరు.
బ్యాటరీ ఎక్కుతోంది, ఎర్ర చుక్క ఇంకా ఎర్రగానే ఉంది.
నీలం గుడ్డ ఉతికి మేడ మీద ఆరేశాను,
ఇన్నేళ్లలో మొదటిసారి,
నీళ్లు మూడు బకెట్లు నల్లగా వదిలాయి.

తొందరగా పడుకోవాలి.
ఎండెక్కితే
చేపల నీళ్ల గీత నిమిషంలో ఆరిపోతుంది.